పాతిక పీసుల కోసం డై కొట్టించలేం: సిలికాన్ మౌల్డ్ తో ప్లాస్టిక్ పార్టులు పోత పోయడం, మొదటి నుంచి చివరిదాకా

పొలంలో మోటారు దగ్గర పెట్టే చిన్న సెన్సార్ కి పై కవర్ కావాలి అనుకోండి. డబ్బా సైజు 80 మిల్లీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 25 ఎత్తు, గోడ మందం రెండున్నర. ఒకటి కావాలంటే 3డీ ప్రింట్ చాలు, పదివేలు కావాలంటే డై, అంటే లోహపు అచ్చు, కొట్టించి అందులోకి కరిగిన ప్లాస్టిక్ ని తోసే ఇంజెక్షన్ మౌల్డింగ్ కి వెళ్ళాలి, కానీ పాతిక మంది రైతుల దగ్గర పెట్టి ఒక సీజన్ చూద్దాం అన్నప్పుడు రెండూ కుదరవు. డై అంటే లక్షల్లో మాట, పైగా డిజైన్ మారితే ఆ డబ్బు పోయినట్టే. ప్రింట్ చేస్తే పాతిక డబ్బాలకి రోజుల తరబడి మెషిన్ నడవాలి, ఆ గీతలు అలాగే కనిపిస్తాయి. ఈ మధ్యలో ఉన్న దారే సిలికాన్ రబ్బర్ తో అచ్చు తీసి అందులో పాలీయురేథేన్ రెజిన్, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టి ప్లాస్టిక్ అయ్యేది, పోయడం, అందరూ పీయూ రెజిన్ అంటారు. నేను ఈ కవర్ నే ఉదాహరణగా తీసుకుని మొత్తం పని చెప్తా, మీ పార్టు వేరే అయినా లెక్క ఇదే.

ముందే ఒక మాట చెప్పాలి. అందరి దృష్టీ రెజిన్ పోసే ఆ అయిదు నిమిషాల మీదే ఉంటుంది, కానీ పార్టు బాగా వస్తుందా రాదా అన్నది సిలికాన్ డబ్బా మూత తియ్యకముందే తేలిపోతుంది. మాస్టర్, అంటే అచ్చు తియ్యడానికి వాడే అసలు ముక్క, ఎంత శుభ్రంగా ఉంది, అచ్చు రెండు సగాలు ఎక్కడ విడిపోవాలి, గాలి ఎటు నుంచి బయటికి పోవాలి, ఈ మూడూ కాగితం మీద గీసుకున్నాకే మొదలుపెట్టండి.

మాస్టర్ తయారీ

మాస్టర్ ని 3డీ ప్రింట్ లో తీసుకోవచ్చు. సిలికాన్ దేన్నీ వదలదు, ప్రింట్ గీత, గీరిన గుర్తు, ప్రైమర్ లో ఇరుక్కున్న వెంట్రుక, ఆఖరికి వేలిముద్ర కూడా అచ్చులోకి దిగిపోయి పాతిక ముక్కల మీదా వస్తుంది. అందుకే ఒక పూట మొత్తం దీని మీదే పెట్టండి. మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్ ప్రింట్ అయితే 220 నంబర్ ఎమరీ పేపర్ తో మొదలెట్టి, కార్ పెయింటింగ్ సామాన్లు అమ్మే షాపులో దొరికే ప్రైమర్ సర్ఫేసర్ రెండు కోట్లు కొట్టి, ఆరాక 400, మళ్ళీ ఒక కోటు, తర్వాత 800 తో నీళ్ళు పోసుకుంటూ రుద్దాలి. గుంటలుంటే పుట్టీ. అద్దంలా మెరవక్కర్లేదు, నా ఉద్దేశంలో కొంచెం మ్యాట్ గా ఉంటేనే మంచిది, చిన్న చిన్న లోపాలు కనపడవు, ముక్క కూడా అచ్చులోంచి తేలిగ్గా వదులుతుంది.

సొంత ప్రింటర్ లేకపోతే ఊళ్ళో ప్రింట్ చేసిచ్చేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు, హైదరాబాద్ వాళ్ళకైతే ప్రోటోటైపులు చేసుకోవడం కోసమే 2023 మార్చిలో రాయదుర్గంలో తెరిచిన టీ-వర్క్స్ ఉంది.

ద్రవాన్ని యూవీ లైటుతో గట్టిపరిచే యూవీ రెజిన్ ప్రింటర్ లో తీసిన మాస్టర్ అయితే జాగ్రత్త, దాని సంగతి కింద చెప్తా.

ఏ సిలికాన్

రెండు రకాలు. మొదటిది టిన్ క్యూర్ (క్యూర్ అంటే గట్టిపడటం), ఫైబర్ గ్లాస్ సామాన్లు అమ్మే షాపులో అడిగితే ఇచ్చే ఆర్టీవీ రబ్బర్ ఎక్కువగా ఇదే, తెల్లగా చిక్కగా ఉంటుంది, పక్కన చిన్న సీసాలో దాన్ని గట్టిపరిచే కెటలిస్ట్ ఇస్తారు, వందకి రెండు నుంచి అయిదు గ్రాములు కలపాలి, సరిగ్గా ఎంత అన్నది డబ్బా మీద చూడండి. చవక, దేని మీదైనా గట్టిపడుతుంది, కానీ గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది, రోజులు గడిచేకొద్దీ ఇంకా కుంచించుకుంటుంది. అర శాతం వేసుకున్నా మన 80 మిల్లీమీటర్ల మీద 0.4 తగ్గినట్టు, లోపల సర్క్యూట్ బోర్డు బిగుతుగా కూర్చోవాల్సిన చోట ఈ 0.4 చాలు మొత్తం పాడవడానికి. కాబట్టి టిన్ క్యూర్ వాడేటట్టయితే ముందు ఒక అచ్చు తీసి కొలిచి, ఎంత తగ్గిందో అంత మాస్టర్ ని పెంచి మళ్ళీ ప్రింట్ చేస్కోండి.

రెండోది ప్లాటినం క్యూర్, ఏ పార్ట్ బీ పార్ట్ సమానంగా కలిపేవి ఎక్కువ, పదికి ఒకటి కలిపేవీ ఉన్నాయి. ఖరీదు ఎక్కువే గానీ కుంచించుకోవడం 0.1 శాతం లోపే ఉంటుంది, అచ్చు చాలాకాలం నిలుస్తుంది. కొలత ముఖ్యమైన పార్టుకి నేను దీన్నే వాడమంటా. దీనికున్న ఒకే చిక్కు, కొన్ని పదార్థాలు తగిలితే అది గట్టిపడదు, అక్కడ జిగురు జిగురుగా ఉండిపోతుంది. గంధకం ఉన్న బంకమట్టి, లాటెక్స్ గ్లౌజులు, టిన్ క్యూర్ సిలికాన్ తాలూకు మరకలు, సరిగ్గా క్యూర్ కాని యూవీ ప్రింట్లు, ఇవన్నీ దానికి విషం లాంటివి. పిల్లలు ఆడుకునే క్లే కొన్నిటిల్లో గంధకం ఉంటుంది కాబట్టి గంధకం లేనిది అని రాసి ఉన్నదే కొనండి, గ్లౌజులు నైట్రైల్ వి వేసుకోండి. యూవీ ప్రింట్ అయితే బాగా కడిగి, యూవీ లైటు కింద పూర్తిగా క్యూర్ చేసి, పైన అక్రిలిక్ క్లియర్ లాకర్ రెండు మూడు కోట్లు కొట్టండి. అంత చేసినా సరే, మాస్టర్ లోపల కనిపించని మూల ఒకచోట చెంచాడు సిలికాన్ కలిపి పూసి చూడండి, గట్టిపడితేనే ముందుకెళ్ళండి. ఈ పరీక్ష మానేసి అరకిలో సిలికాన్ పోసుకున్నవాళ్ళు మాస్టర్ ని, సిలికాన్ ని రెండిటినీ పారేసుకున్నారు.

ఎంత కావాలో లెక్క

మాస్టర్ చుట్టూ అన్నివైపులా 15 మిల్లీమీటర్లు సిలికాన్ ఉండాలి. మన కవర్ కి పెట్టె లోపలి కొలత 110 x 80 అవుతుంది. కవర్ నోరు కింద పెట్టి బోర్లిస్తే ఎత్తు 25, దాని మీద 15, మొత్తం 40 లోతు. అంటే 352 సీసీ, అందులోంచి కవర్ ఆక్రమించే 100 సీసీ తీసేస్తే 252. సిలికాన్ సాంద్రత దాదాపు 1.1 కాబట్టి 277 గ్రాములు. రెండో సగానికి కూడా, కవర్ లోపలి ఖాళీ ప్లస్ పైన 20 మిల్లీమీటర్లు కలిపితే, దాదాపు అంతే వస్తుంది. గిన్నెకి అంటుకునేది కలుపుకుని చెరో 305 గ్రాములు కలపండి. ఆకారం వంకరటింకరగా ఉండి లెక్క తేలకపోతే పెట్టెలో మాస్టర్ పెట్టి బియ్యం పోసి, ఆ బియ్యాన్ని కొలపాత్రలో పోసి చూస్తే సరిపోతుంది.

మొదటి సగం

రెండు సగాలు ఎక్కడ విడిపోవాలి అన్నప్పుడు చాలామంది ముక్కని సగందాకా బంకమట్టిలో పూడ్చి గీత నడుం మీదకి తెస్తారు. గుండ్రటి వస్తువులకి అది తప్పదు గానీ డబ్బా ఆకారానికి అక్కర్లేదు, కవర్ నోటి అంచే మన గీత, అప్పుడు బయటి గోడల మీద అతుకు గీతే ఉండదు.

నున్నటి అక్రిలిక్ షీటు తీసుకుని, కవర్ లోపలంతా బంకమట్టితో అంచుకి సమానంగా నింపి, నోరు కిందకి పెట్టి షీటుకి అతికించండి. గట్టిగా అతకాలి, లేకపోతే సిలికాన్ లో తేలిపోతుంది. చుట్టూ ఫ్యాన్సీ షాపులో దొరికే సగం ముత్యాల్లాంటి అంటించే పూసలు అయిదారు షీటు మీద పెట్టండి, ఇవి పడ్డ గుంటల్లోకే రెండో సగం కూర్చుని కదలకుండా ఉంటుంది. నాలుగు వైపులా ఫోమ్ బోర్డు గోడలు నిలబెట్టి, మూలలూ కింది అంచూ గ్లూ గన్ తో కారకుండా మూసెయ్యండి, సిలికాన్ సూదిమొన అంత సందున్నా వెతుక్కుని కారిపోతుంది, తెల్లారి చూస్తే సగం టేబుల్ మీద ఉంటుంది.

తూకం 0.1 గ్రాము చూపించే త్రాసు మీదే, కంటి చూపుతో కాదు. కలిపేటప్పుడు గిన్నె అడుగు, పక్కలు గీకుతూ మూడు నాలుగు నిమిషాలు కలిపి, ఇంకో శుభ్రమైన గిన్నెలోకి వంచి మళ్ళీ ఒక నిమిషం కలపండి, మొదటి గిన్నె గోడలకి అంటుకున్న కలవని భాగం అలా దొరుకుతుంది. గాలి లాగేసే వాక్యూమ్ ఛాంబర్ ఉంటే అందులో పెట్టండి, సిలికాన్ పాలు పొంగినట్టు మూడు నాలుగింతలు పొంగి మళ్ళీ కుప్పకూలుతుంది, అందుకే పెద్ద గిన్నె వాడాలి, కూలాక ఇంకో నిమిషం రెండు నిమిషాలు ఉంచితే చాలు. ఛాంబర్ లేకపోతే ముందు బ్రష్ తో మాస్టర్ మీద పల్చగా ఒక పూత వేసి, తర్వాత ఒక అడుగున్నర ఎత్తు నుంచి సన్నటి దారంలా, పెట్టెలో ఒకే మూలలో పోస్తూ ఉండండి, అదే మెల్లగా పాక్కుంటూ వచ్చి మాస్టర్ ని కప్పాలి. ఆ సన్నటి ధారలో బుడగలు సాగి పగిలిపోతాయి.

రెండో సగం

పూర్తిగా గట్టిపడ్డాక తిరగేసి, షీటు తీసి, పూసలు తీసి, కవర్ లోపలి బంకమట్టి మొత్తం తీసెయ్యండి. కవర్ ని మాత్రం సిలికాన్ లోంచి కదపొద్దు, ఒక్కసారి కదిలిందంటే సందులోకి సిలికాన్ వెళ్ళి అంచు చెడిపోతుంది. టూత్ బ్రష్ తో మూలల్లో మట్టి శుభ్రం చేస్కోండి.

ఇప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది దారుల దగ్గరే. రెజిన్ కవర్ లోపలి అడుగు భాగానికి దిగి, అక్కడ్నుంచి గోడల్లో పైకెక్కి అంచు దాకా రావాలి. కాబట్టి కవర్ లోపల అడుగు మధ్యలో 6 మిల్లీమీటర్ల కడ్డీ ఒకటి నిలబెట్టండి, అది పోసే దారి, దాని మచ్చ కూడా లోపలే ఉండిపోతుంది కాబట్టి బయటికి కనపడదు. గాలి పోవడానికి అంచు మీద నాలుగు మూలలా నాలుగు సన్నటి పుల్లలు, దీనికి కొబ్బరి చీపురు పుల్లల్ని మించినవి లేవు, వ్యాసలీన్ రాసి చిటికెడు బంకమట్టితో నిలబెట్టండి, సన్నటి మొన కిందకి ఉంటే తర్వాత పైకి లాగితే వచ్చేస్తాయి. కవర్ లోపల స్క్రూల కోసం స్తంభాల్లాంటివి ఉంటే వాటి తలల మీద కూడా ఒక్కో పుల్ల కావాలి. స్తంభం తల అచ్చులో మూసుకుపోయిన గుంట కదా, గాలి అక్కడ ఇరుక్కుంటే ఇంక ఎటూ పోదు, స్తంభాలు సగం సగం వస్తాయి. నా మొదటి అచ్చులో ఇది వదిలేస్తే పోసిన ప్రతి కవర్ లోనూ ఆ రెండు స్తంభాలే పొట్టిగా వచ్చాయి, చివరికి సన్నటి డ్రిల్ బిట్ చేత్తో తిప్పుతూ ఆ అచ్చుకి గాలి దారులు పెట్టాల్సొచ్చింది.

పోసేముందు సిలికాన్ కనిపించే ప్రతి చోటా రిలీజ్ ఏజెంట్, అంటే అంటుకోకుండా వేసే పూత, వెయ్యాలి. సిలికాన్ కి మామూలుగా వేరేవి పెద్దగా అంటుకోవు గానీ సిలికాన్ మాత్రం విడదియ్యలేనంతగా అంటుకుంటుంది, వెయ్యకపోతే రెండు సగాలు కలిసి ఒకే ఇటుక అయిపోతాయి, బ్లేడుతో కోసి మాస్టర్ ని బయటికి తియ్యడం తప్ప వేరే దారి ఉండదు. స్ప్రే అయితే రెండు పల్చటి కోట్లు, వ్యాసలీన్ అయితే మెత్తటి బ్రష్ తో బాగా పల్చగా, బ్రష్ గీతలు కూడా అచ్చులో పడతాయి కాబట్టి. తర్వాత గోడలు పైకి పెంచి మొదటిసారి లాగే పొయ్యండి.

గట్టిపడ్డాక విడదీసి మాస్టర్ తీసి, పుల్లలు లాగి, పోసే దారి పై నోరు బ్లేడుతో గరాటులా వెడల్పు చేస్కోండి. ఆ రోజే రెజిన్ పోయాలని తొందర పడొద్దు, ఒక రోజు ఆరనివ్వండి, ముఖ్యంగా టిన్ క్యూర్ గట్టిపడేటప్పుడు ఆల్కహాల్ వదులుతుంది, అది పోకముందే పీయూ పోస్తే పార్టు పైన బుడగలూ జిగురూ వస్తాయి. 60 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు వేడిలో పెడితే ఇంకా మంచిది, కానీ వంటకి వాడే ఓవెన్ లో వద్దు.

రెజిన్ పోయడం

రెజిన్ అనగానే చాలామంది గిఫ్టుల కోసం వాడే ఎపాక్సీ తెచ్చుకుంటారు. అది తప్పని కాదు, కానీ రోజుకి ఒకటే ముక్క వస్తుంది. పీయూ అయితే రకాన్ని బట్టి పది నిమిషాల నుంచి గంటలోపే బయటికి తియ్యొచ్చు, ఒక ఆదివారం కూర్చుంటే పది పన్నెండు కవర్లు అయిపోతాయి. ఫైబర్ వాళ్ళు వాడే పాలిస్టర్ రెజిన్ మాత్రం వద్దు, అందులోని స్టైరీన్ అచ్చుని తొందరగా తినేస్తుంది.

పీయూలో ఒక భాగం ఐసోసైనేట్. దీని గురించి నేను గట్టిగానే చెప్తా, ఒకసారి శరీరానికి పడకుండా పోతే జీవితాంతం ఆస్తమాలా పట్టుకునే పదార్థం ఇది, వాసన రాలేదంటే లేదని కాదు. బాల్కనీలోనో, రెండు కిటికీలు తెరిచి ఫ్యాన్ బయటికి తోసే గదిలోనో పొయ్యండి, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ పెట్టుకోండి, గుడ్డ మాస్కు పనికిరాదు, నైట్రైల్ గ్లౌజులు, కళ్ళద్దాలు వేసుకోండి, పిల్లలు దగ్గర లేకుండా చూస్కోండి.

రెండో శత్రువు తేమ. ఐసోసైనేట్ కి నీళ్ళు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి రెజిన్ నురగలా పొంగుతుంది. ఆగస్టులో విజయవాడలో, కాకినాడలో గాలిలో ఉండే తేమే చాలు దానికి. కాబట్టి పేపర్ కప్పులు, చెక్క పుల్లలు వద్దు, వాటిలోనూ తేమ ఉంటుంది, ప్లాస్టిక్ కప్పు, స్టీలు చెంచా వాడండి. పోసుకున్న వెంటనే సీసా మూత బిగించండి. వానాకాలంలో అయితే నేను ఏసీ గదిలో గంటసేపు సీసాలు, అచ్చు అన్నీ ఉంచి అక్కడే తూకం వేసి, పొయ్యడం మాత్రం గాలి వెళ్ళే చోట చేస్తా. తెరిచిన సీసా నెలల తరబడి దాచుకోవద్దు, చిన్న ప్యాక్ కొనండి.

మన ఎండలకి ఇంకో లెక్క ఉంది. డబ్బా మీద రాసే పనిచేసే సమయం 23, 25 డిగ్రీల దగ్గర కొలిచింది, పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి పడిపోతుంది. అయిదు నిమిషాల రెజిన్ మేలో మధ్యాహ్నం రెండున్నర నిమిషాలే. తెల్లవారుజామున పొయ్యండి, లేదా ఎక్కువ సమయం ఇచ్చే రకం కొనండి.

మన కవర్ లో ప్లాస్టిక్ 24 సీసీ, అంటే 25 గ్రాములు, పోసే దారులకి పది పన్నెండు కలిపితే 40 గ్రాములు చాలు. రెండు భాగాల నిష్పత్తి కొలతలో సమానం అని రాసినా తూకంలో తేడా ఉండొచ్చు, కొన్నిటికి తూకంలో 100 కి 90 ఉంటుంది, డబ్బా మీద రెండూ విడివిడిగా రాసి ఉంటాయి, త్రాసు వాడితే తూకం లెక్కే చూడండి. రంగు వెయ్యాలంటే పీయూకి పనికొచ్చే పిగ్మెంట్, అది కూడా ఐసోసైనేట్ కాని రెండో భాగంలో ముందే కలిపి పెట్టుకోవాలి, నీళ్ళ రంగులు అస్సలు వద్దు.

అచ్చు రెండు సగాలు మూసి రెండువైపులా ప్లైవుడ్ ముక్కలు పెట్టి రబ్బర్ బ్యాండ్లతో కట్టండి, పోసే దారికీ గాలి దారులకీ చోటుండేలా పై ముక్కకి ముందే రంధ్రాలు చేస్కోవాలి. బ్యాండ్లు మరీ బిగిస్తే అచ్చు నలిగి గోడలు సన్నబడతాయి, కదలకుండా ఉంటే చాలు. రెండు భాగాలు కలిపి ముప్పై నలభై సెకన్లు గిన్నె పక్కలు గీకుతూ తిప్పి, చిలక్కుండా, గరాటులో ఒకే ధారగా పొయ్యండి. పోస్తూ అచ్చుని కొంచెం అటూ ఇటూ వంచి వేళ్ళతో తట్టండి. గాలి దారులన్నిట్లోంచీ రెజిన్ పైకి తేలి కనిపించాలి, ఏదైనా ఒకటి రాకపోతే ఆ వైపు పైకి ఉండేలా వంచండి.

కంప్రెసర్, ప్రెషర్ పాట్ (గాలి ఒత్తిడి పట్టే పాత్ర) ఉన్నవాళ్ళు పోసిన వెంటనే అచ్చుని 40 నుంచి 60 పీఎస్ఐ ఒత్తిడిలో పెడితే బుడగలు కంటికి కనపడనంత చిన్నవైపోతాయి, పాట్ మీద రాసిన పరిమితి దాటొద్దు, సొంతంగా అతికించిన పాత్రలతో ఈ పని చెయ్యొద్దు, పగిలితే ప్రాణం మీదకొస్తుంది. ఇందులో ఒక కిటుకుంది, రెజిన్ ని ప్రెషర్ లో పెట్టేటట్టయితే సిలికాన్ లో కూడా బుడగలు ఉండకూడదు, ఉంటే ఆ ప్రెషర్ కి అవి నలిగి ఆ చోట పార్టు మీద చిన్న చిన్న బొడిపెలు వస్తాయి.

తీశాక

డబ్బా మీద రాసిన సమయం కంటే కొంచెం ఎక్కువే ఆగండి. వెచ్చగా మెత్తగా ఉన్నప్పుడు లాగితే పొడుగు గోడలు వంగి అలాగే గట్టిపడతాయి. వంగినట్టు అనిపిస్తే వెంటనే మాస్టర్ మీద తొడిగి చల్లారనివ్వండి. దారుల కొసలు కట్ చేసి ఎమరీతో రుద్దండి, దుమ్ము పీల్చకుండా మాస్కు వేసుకుని.

స్క్రూల కోసం మరలున్న ఇత్తడి ఇన్సర్ట్ లు పెట్టేవాళ్ళు 3డీ ప్రింట్ లో లాగా సోల్డరింగ్ ఐరన్ తో దింపుదామనుకోవద్దు, పీయూ థర్మోసెట్, కరగదు, మాడుతుంది. రంధ్రం డ్రిల్ చేసి ఎపాక్సీతో అతికించండి.

ఎండలో పెట్టే డబ్బా కాబట్టి ఇది కూడా చూస్కోవాలి. మామూలు పీయూ రకాలు కొన్ని 50 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలెడతాయి, రామగుండం ఎండలో ఇనప స్టార్టర్ పెట్టె మీద ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఎక్కువ వేడి తట్టుకునే రకం అడిగి తీసుకుని, అది చెప్పినట్టు 60, 65 డిగ్రీల్లో కొన్ని గంటలు వేడిలో ఉంచి పోస్ట్ క్యూర్ చెయ్యండి, ఎండకి పసుపెక్కకుండా పైన పెయింట్ వెయ్యండి. కరెంటు మెయిన్ వైర్లు వెళ్ళే పెట్టెలకి మాత్రం దీన్ని వాడొద్దు, మామూలు పీయూ మంటని ఆపదు, బ్యాటరీ మీద నడిచే సెన్సార్ కి పర్లేదు.

ఒక అచ్చు ఇరవై ముక్కల దాకా హాయిగా వస్తుంది, తర్వాత పదునైన మూలల్లో సిలికాన్ పెళుసెక్కి చిన్న చిన్న పెచ్చులు ఊడటం, స్తంభాల చుట్టూ చిరగడం మొదలవుతుంది. ప్రతి అయిదో ముక్కని వెర్నియర్ తో కొలిచి రాసుకుంటే ఎక్కడ మారుతుందో తెలుస్తుంది. పాతిక కావాలంటే అందుకే మొదటి నుంచే రెండు అచ్చులకి సరిపడా సిలికాన్ కొని పెట్టుకోండి, అచ్చుని వాడనప్పుడు రెండు సగాలూ మూసి, బల్లపరుపు చోట, ఎండ తగలకుండా పెట్టండి, మాస్టర్ ని విడిగా ఒక డబ్బాలో దాచండి.